చాచా పెట్టెలో పావలా బిళ్లలు

కిరాణా చాచా పోయాడని పొద్దున్నే ఫోన్ వస్తే నేను వెంటనే నమ్మలేదు. చెప్పింది ఆయన మనవడే. గొంతులో ఏడుపు తెలుస్తూనే ఉంది. అయినా "నువ్వు కండ్లార జూసినవా? డాక్టర్ వచ్చి జెప్పిండా?" అని అడిగాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది, ఆ వెనకే నవ్వూ వచ్చింది. ఈ అనుమానపు రోగం నాకు అంటించిన మనిషే పోయాడు మరి. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయాడట. ఆయనైతే ఈ ముక్క కూడా రెండు ఎదురు ప్రశ్నలు వెయ్యకుండా ఒప్పుకునేవాడు కాదు.

వరంగల్ స్టేషన్ నుంచి గింజల మార్కెట్ వైపు పోయే ఒక సందులో మా నాన్నది చాయ్ హోటల్. ఇప్పుడు మా తమ్ముడు నడుపుతున్నాడు. దాని గోడను ఆనుకునే చాచా కిరాణా దుకాణం. ఎదురుగా ఒక దర్జీ, ఒక సైకిల్ షాపు. నేను డెబ్బైల్లో డిగ్రీలో ఎకనామిక్స్ చదువుతూ, కాలేజీ లేని పూట హోటల్ గల్లా దగ్గర కూర్చునేదాన్ని.

చాచా రూపాయి బిళ్లను బల్ల మీద కొట్టి, చెవి ఒగ్గి విని గానీ పెట్టెలో వేసేవాడు కాదు. నోటును ఎండకు పట్టి చూసేవాడు. రేడియోలో వాన వస్తుందని చెబితే గొడుగు ఇంట్లో వదిలి వచ్చేవాడు. గోడ పక్కనే ఉండి కూడా మా చాయ్ ముట్టేవాడు కాదు. పాలలో నీళ్లు కలుపుతామని ఆయన అనుమానం. నాన్న నొచ్చుకుంటే, "కలుపుతాన్రని నేనంటలే తమ్మీ. కలుపుతలేరని నువ్వు జెప్పు, వింట" అనేవాడు. నాన్న ఏమీ చెప్పేవాడు కాదు.

ఆ అనుమానానికి వెనక ఒక కథ ఉంది. నిజాం రోజుల్లో ఇక్కడ హాలీ పైసలు నడిచేవి. రాజ్యం పోయాక కొన్నేళ్లకు హాలీ కూడా పోయింది, మార్చుకొమ్మని సర్కారు చెప్పింది. చాచా వాళ్ల నాన్న మార్చుకోలేదు. మళ్లీ మంచి రోజులొస్తాయని నోట్లన్నీ ఒక డబ్బాలో దాచాడు. డబ్బా బయటికి తీసేనాటికి ఆ కట్టకు ఒక కప్పు చాయ్ పోసేవాడు కూడా లేడు. "నోటు మీది బొమ్మ జూసి మోసపోవద్దు బిడ్డా. దాని ఎన్క ఎవడు నిలబడ్డడో అది జూడాలె" అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

ఆ రోజుల్లో చిల్లర కరువు బాగా ఉండేది. కేసముద్రం రైలు దిగిన రైతులు, ములుగు బస్సు దిగిన వాళ్లు రూపాయి ఇస్తే తిరిగి ఇవ్వడానికి గల్లాలో ఏమీ ఉండేది కాదు. అగ్గిపెట్టెలు, పిప్పరమెంట్లు ఇచ్చి ఇచ్చి విసుగొచ్చి, మా సందులోని నాలుగు దుకాణాల వాళ్లు కూర్చుని రేకుతో పావలా బిళ్లలు కొట్టిద్దామనుకున్నారు. ఎక్కడ ఇచ్చిన బిళ్ల అయినా నాలుగు చోట్లా నడవాలి. చాచా ఒక్కడే అడ్డం తిరిగాడు.

"ఎవల బిళ్ల మీద వాళ్ల గుర్తు ఉండాలె."

"నాలుగు గుర్తులుంటే నాలుగు లొల్లులు భాయ్. ఒకటే గుర్తు పెడదాం" అన్నాడు దర్జీ.

ముగ్గురు ఒక వైపు, ఈయన ఒక వైపు. "సరే, మీ ఇష్టం. చెయ్యి ఒకనిది, సంచి నలుగురిది అయితాంది. యాదికుంచుకోండ్రి" అని లేచిపోయాడు.

ఒకటే గుర్తుతో బిళ్లలు వచ్చాయి. మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. సందులోకి వచ్చే జనం పెరిగారు. మాకు పాలు పోసే మనిషి కూడా బిళ్లలు తీసుకునేవాడు, కిరాణాలో వాటికి బియ్యం వస్తాయి కదా. అంతలో అమ్మ జబ్బుపడి దవాఖానలో చేరింది. నాన్న చేతిలో పైస ఆడలేదు. ఎవరికీ చెప్పకుండా రేకుల షాపుకు వెళ్లి ఇంకొన్ని బిళ్లలు కొట్టించాడు. ఆ తర్వాత ఇంకొన్ని. పాలవాడికి, పనివాళ్లకు అవే ఇచ్చాడు. అవన్నీ తిరిగి తిరిగి ఉప్పు, పప్పు, బియ్యం కొనడానికి చాచా దుకాణానికే చేరాయి.

ఒకరోజు మధ్యాహ్నం చాచా తన పెట్టె మోసుకొచ్చి మా హోటల్ బల్ల మీద బోర్లించాడు. దర్జీని, సైకిల్ షాపాయనను కూడా పిలిచాడు. "నలుగురం కలిసి కొట్టిచ్చిన బిళ్లలకంటె నా ఒక్కని పెట్టెలనే ఎక్కువున్నయ్. ఎట్లయితది?" అన్నాడు. నాన్న తలెత్తలేదు. ఆ వంచిన తల చూసే, ఎక్కువ బిళ్లలు ఎవరు కొట్టించారో అందరికీ తెలిసిపోయింది.

హోటల్‌కు తాళం వేసి, సామాను అమ్మి పంచుకుందామన్నాడు దర్జీ. ఇల్లు గడిచేది ఆ పొయ్యి మీదే. అమ్మ మందులు, నా ఫీజు, తమ్ముడి బడి అన్నీ ఆ పొయ్యి మీదే.

"తాళమేస్తే ఈ బిళ్లలకు చాయ్ ఎవడు పోస్తడు?" అన్నాడు చాచా. దర్జీ దగ్గర, సైకిల్ షాపులో, పాలవాడి దగ్గర ఉన్న బిళ్లలన్నీ రూపాయలిచ్చి తనే కొనేశాడు. నాన్న చేతులు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. "నిన్ను కాపాడుతలేను తమ్మీ. నా పెట్టెను కాపాడుకుంటాన. దండాలు వద్దు."

ఊరికే కాపాడలేదు, షరతులు పెట్టాడు. కొత్త బిళ్లలు బంద్. ఉద్దెరకు చాయ్ పోయడం బంద్. సాయంత్రం గల్లా తన ముందే లెక్కపెట్టాలి. ఖర్చు తగ్గాలి కాబట్టి మిర్చిబజ్జీలు వేసే మాస్టర్‌ను పంపెయ్యాలి. నాన్న అన్నిటికీ తల ఊపాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. హోటల్ కాజేసి, గోడ కొట్టి దుకాణం పెంచుకుంటాడని నా అనుమానం. ఆయన ఒకసారి ఆ గోడను జానలతో కొలుస్తుండగా చూశాను కూడా. ఎందుకు కొలిచాడో నేను అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. ఇప్పటికీ నాకది తేలలేదు.

బజ్జీలు పోగానే జనం పోయారు. బజ్జీ తిన్న నోటికే చాయ్ కావాలి. అవి లేని హోటల్లో ఈగలు తప్ప ఎవరూ కూర్చోలేదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టర్‌ను తీసేసినవ్, ఖర్చు తగ్గింది. గిరాకీ అంతకు రెండింతలు తగ్గింది. ఇట్లయితే నీ బాకీ ఎట్ల తీరుతది చాచా? పొయ్యి ఆర్పి అన్నం ఉడకలేదంటే ఎట్ల?"

నాన్న నన్ను కళ్లతోనే గద్దించాడు. చాచా లేచి వెళ్లిపోయాడు. మర్నాడు దుకాణం కొడుకుకు అప్పగించి వచ్చి, మా హోటల్లో మూల బెంచీ మీద పొద్దస్తమానం కూర్చున్నాడు. వచ్చేవాళ్లను చూశాడు. "బజ్జీల్లేవా?" అని గుమ్మంలోంచే తిరిగిపోయేవాళ్లనూ చూశాడు. ఆ మర్నాడు బజ్జీ మాస్టర్‌ను తనే వెంటబెట్టుకొచ్చాడు.

"అనుమానం పక్కోని మీదనే కాదు బిడ్డా, జర మన మీద గూడ ఉండాలె" అన్నాడు. అప్పులిచ్చేవాళ్ల గురించి తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను. ఇంత మాట అనగలిగిన అప్పులాయన వాటిలో నాకు ఎక్కడా తగల్లేదు.

నాకు ధైర్యం వచ్చి ఇంకో మాట కూడా అన్నాను. "బిళ్లలన్నీ నీ పెట్టెల పెట్టుకుని కూసుంటే అవి తీరయి చాచా. నువ్వే ఈడ ఖర్చు పెట్టాలె." ఆయన ముఖం చూడాలి. మా చాయ్ ముట్టని మనిషి ఆ రోజు నుంచి పూటకో చాయ్ తాగాల్సి వచ్చింది. తన హమాలీలకు బజ్జీలు తినిపించాడు, సరుకులకొచ్చిన వాళ్లకు చాయ్ తాగించాడు. ఒక్కో బిళ్లను బల్ల మీద టక్కున కొట్టి ఇచ్చేవాడు. ప్రతిసారీ "నీళ్లు గలిపిండ్రు" అనేవాడు, చివరి చుక్క వరకూ తాగి గ్లాసు బోర్లించేవాడు. అలా పెట్టె ఖాళీ అయింది. ఒక్క బిళ్ల మాత్రం ఇవ్వలేదు.

"ఇది నా దగ్గరుండనీ. బాకీ మొత్తం తీరిందంటె మీ నాయిన మల్ల రేకుల షాపుకు పోతడు."

హోటల్ నిలబడింది. నేను చదువు పూర్తి చేసి, ఇక్కడే కాలేజీలో ఎకనామిక్స్ చెప్పాను. ఎనభైల్లో దూరదేశాలు అప్పులు కట్టలేక చేతులెత్తేస్తున్నాయని పేపర్లో వస్తే, చాచా పేపరు పట్టుకుని పక్క నుంచి మా హోటల్లోకి వచ్చేవాడు. "అప్పిచ్చినోళ్లు ఎవలు? మల్ల అప్పిస్తాంది ఎవలు? ఇద్దరు ఒక్కరేనా?" చాలా ఏళ్ల తర్వాత యూరప్ దేశాలు కొన్ని కలిసి ఒకే నోటు పెట్టుకున్నాయని, అందులో గ్రీసు అప్పుల్లో మునిగిందని, పక్క దేశాలు ఆదుకుంటున్నాయని టీవీలో చెప్పారు. అప్పటికి చూపు మందగించిన చాచా, "ఆదుకుంటాంది ఆ దేశాన్నా, తమ పెట్టెనా? బజ్జీ మాస్టర్‌ను తీసేసిండ్రా?" అని అడిగాడు. తీసేశారని చెప్పాను. "ఎవడన్న పోయి మూలకు కూసోని జూడాలె" అన్నాడు.

పోయిన నెల చూడబోతే దిండు కింద తడిమి ఆ బిళ్ల తీసి నా చేతిలో పెట్టాడు. "ఒక చాయ్ పంపుమను. నీళ్లు గలపని చాయ్." తమ్ముడికి బిళ్ల ఇచ్చి, ఫ్లాస్కులో తెచ్చి పోశాను. వాసన చూశాడు. ఒక గుక్క తాగి, "నీళ్లు గలిపిండ్రు" అన్నాడు. మొత్తం తాగి గ్లాసు బోర్లించాడు. నేను నవ్వాను. తొంభై దాటినా ఆ అనుమానపు రోగం పోలేదనుకున్నాను.

చాచా జనాజాను మోసుకెళ్లి మట్టి చేశాక, సాయంత్రం నేనూ తమ్ముడూ హోటల్లో కూర్చున్నాం. ఆ ముచ్చట చెప్పి మళ్లీ నవ్వబోయాను. వాడు నవ్వలేదు.

"ఆ పొద్దు పాలు తక్కువైనయ్ అక్కా. చాచాకు ఏం దెలుస్తదని జర కలిపిన."

ఆయనకు తెలిసింది. తెలిసి కూడా చుక్క మిగల్చలేదు. తమ్ముడు గల్లా తెరిచాడు. నాణేల మధ్య ఆ బిళ్ల ఉంది, అంచులు అరిగి, నల్లబడి. తీసి బల్ల మీద టక్కున కొట్టాను. గోడ అవతల నుంచి ఎవరూ ఏమీ అడగలేదు.