పైవాటా ఫ్యాన్లు

అక్క ఊపిరితిత్తులు గట్టిపడిపోయాక ఆక్సిజన్ మిషన్ రాత్రింబవళ్లు నడవాల్సి వచ్చింది. గదిలోని గాలి నుంచే ఆక్సిజన్ వేరు చేసి గొట్టంలో పంపుతుంది. దానికి కరెంటు కావాలి. కరెంటు పోతే ఇన్వర్టర్.

అశోక్‌నగర్‌లోని ఈ ఇంట్లో మేమిద్దరమే. పైవాటా గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలకు కిరాయికిచ్చాం. ఇన్వర్టర్ లేని గదిని మా వీధిలో ఎవరూ అడగరు. అందుకని ఎప్పుడో మా ఇన్వర్టర్ లైనే పైకీ కలిపించాం. మిషన్ తెచ్చిన రోజు ఆ సంగతి మాకు తట్టలేదు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గాలివానకు కరెంటు పోయింది. చాలాసేపటికి బ్యాటరీ తగ్గిందని ఇన్వర్టర్ కూయడం మొదలుపెట్టింది. ఇలాంటప్పటికని ఒక ఆక్సిజన్ సిలిండర్ ఉంచుకున్నాం గానీ, నింపించడానికి పంపిన అది బర్కత్‌పుర నుంచి ఇంకా రావాలి. నారాయణగూడలో నీళ్లు నిలిచాయని, ఆటో కదలడం లేదని డ్రైవర్ ఫోన్ చేశాడు. బ్యాటరీలో ఎంత మిగిలిందో, ఎంతసేపు వస్తుందో నాకు తెలియదు. అక్క నా ముఖమే చూస్తోంది. నేను ఇన్వర్టర్ వైపు తిరిగాను.

కూత విని పైనుంచి ఇద్దరమ్మాయిలు దిగివచ్చారు. పొడుగాటి పిల్ల మిషన్ వెనక స్టిక్కర్ చదివింది.

"మూడు వందల యాభై వాట్లు ఆంటీ. పైన మావి నాలుగు ఫ్యాన్లు. అవి గూడ ఈ బ్యాటరీ మీదనేనా?"

అప్పుడు తెలిసింది నాకు. అవునని తలూపాను.

"నాలుగు ఫ్యాన్లు కలిస్తే ఇంకో మిషన్ లెక్క. జల్ది పోయి అన్నీ బంద్ చెయ్యవే," అంది రెండో పిల్లతో. నావైపు తిరిగి, "పరేషాన్ కాకుండ్రి. వాట్ అంటే ఎంత జోరుగ తింటున్నదో. యూనిట్ అంటే మొత్తం ఎంత తిన్నదో. మునుపు మా హాస్టల్‌ల ఈ పిల్ల తిన్నట్టు..."

"మల్ల నా తిండి మీదనే పడ్డవా?" మెట్ల మీద నుంచే అరిచింది రెండో పిల్ల.

అక్క నవ్వింది. నవ్వుతూనే దగ్గు ముంచుకొచ్చింది, పెదవులు నీలమయ్యాయి. "నవ్వించకుండ్రే," అంది ఊపిరి కూడదీసుకుని.

పైన ఫ్యాన్లు ఆగాయి. కాసేపటికి కూత ఆగింది. అయినా నేను ఇన్వర్టర్ మీది చిన్న దీపం నుంచి కళ్లు తిప్పలేదు. అమ్మాయిలు మెట్ల మీద కూర్చుని పుస్తకాలతో విసురుకున్నారు. బ్యాటరీలో ఉన్నది రసాయన శక్తి అని, అది కరెంటై, మిషన్‌లో కదలికై, చప్పుడై, వేడై పోతుందని పొడుగాటి పిల్ల నా ధైర్యం కోసం చెబుతూనే ఉంది. సిలిండర్ వచ్చేదాకా బ్యాటరీ నిలిచింది.

అక్క వానాకాలంలో పోయింది. "శక్తి నశించదు ఆంటీ, రూపం మారుతది," అంది ఆ పిల్ల, నన్ను ఓదార్చబోయి. నిజమే కావచ్చు. ఆ రోజు అక్క చెయ్యి చల్లబడేదాకా పట్టుకుని కూర్చున్నాను. ఆ వేడి ఎక్కడికి పోయిందో నాకు కనబడలేదు.

మిషన్ తిరిగి ఇచ్చేశాం. మొన్న కరెంటు పోగానే గుండె దడదడలాడింది. అక్క మంచం ఖాళీ అని గుర్తొచ్చినా దడ తగ్గలేదు. పైన ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతున్న చప్పుడు వినబడింది. ఎవరూ చెప్పకుండానే ఆపుతున్నారు.

మెట్లెక్కి వెళ్లాను. చెమటలు కారుతూ చదువుకుంటున్నారు.

"వేసుకోండమ్మా," అన్నాను.

పొడుగాటి పిల్ల లేచింది గానీ స్విచ్ మీద చెయ్యి వెయ్యలేకపోయింది. నేనే వేశాను.