పోసక్క పేరున ఒక దినం

ఈ ఉదయం బడి గోడ అవతలి మడిలో కలుపు తీసే చక్రం బురదను చీల్చుకుంటూ గరగరమంటుంటే, హాజరు పట్టిక మూసి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆ చప్పుడు వింటే నాకు సల్మా మేడం గుర్తొస్తారు. గుర్తొచ్చాక ఆ పూటకిక కుదురుగా కూర్చోలేను.

నేను సిరోంచలో టీచరుగా చేరిన ఏడాది ఆవిడ మా బడిలో సైన్సు చెప్పేవారు. అహేరిలో బట్టల కొట్టు నడిపే కుటుంబం వాళ్లది. రోజూ ప్రార్థన అయ్యాక ఒక నోటుపుస్తకం తెరిచి, ఇవాళ ఫలానా వస్తువు కనిపెట్టిన మనిషి రోజు అని చదివేవారు. కుట్టుమిషను, అగ్గిపుల్ల, కళ్లజోడు. ఎవరూ వినని ఆ పేర్లకు పిల్లలు చప్పట్లు కొట్టేవారు. నాకు విసుగు. "చప్పట్లతోని ఏమొస్తది మేడం? సిలబస్ ఎనకవడ్డది," అన్నానొకసారి. "ఏమొస్తదో నాకూ తెల్వదు రాధా. గని దేన్నన్న చేతవట్టుకుంటే, దీన్ని ఎవలో ఒకలు జేసిండ్రని పిల్లలకు యాదికి రావాలె గదా," అన్నారావిడ.

ఆ వానాకాలంలోనే, మీ ఊళ్లో ఎవరైనా కొత్తగా ఏదైనా చేశారేమో అడిగి రమ్మని పిల్లలను పంపారు. ఏడో తరగతి మల్లిక తన నాయనమ్మ పోసక్క గురించి రాసుకొచ్చింది. కొట్లో అమ్మే కలుపు చక్రం మగవాళ్ల ఎత్తుకు చేసినది. దాన్ని తోసితోసి ఆడవాళ్ల నడుములు పట్టేసేవి, రేగడి బురదలో పళ్లు దిగబడేవి. పోసక్క దాని పిడికర్రను పొట్టిగా కోయించింది. కమ్మరి కొలిమి పక్కన కూర్చుని పళ్లు వంచించింది, బురదలో దిగబడకుండా ముందు ఒక రేకు కట్టించింది. కొన్నేళ్లలో ప్రాణహిత ఒడ్డున చాలామంది అలాంటివే చేయించుకున్నారు. ఎవరు చేశారంటే మాత్రం కమ్మరి పేరే చెప్పేవారు.

మేడం నన్ను వెంటబెట్టుకుని ఆమె పొలానికే వెళ్లారు. "పోసక్కా, బడిల నీ పేరు మీద ఒక దినం జేస్తం," అన్నారు.

మోకాళ్లదాకా బురదలో ఉన్న పోసక్క చక్రం ఆపి మమ్మల్ని ఎగాదిగా చూసింది. "ఓ మేడం, నేనింక బతికే ఉన్న గదా! దినం చచ్చినోళ్లకు జేస్తరు."

మేడం గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. తర్వాత నెమ్మదిగా, "గందుకే ఇప్పుడు జేస్తనంటున్న. నువ్వు వోయినంక జేస్తే నీకేం తెలుస్తది?" అన్నారు.

హెడ్మాస్టర్ ఒప్పుకోలేదు. "పైనుంచి కాగితం వచ్చిన దినాలు జరుపుడే కష్టమైతుంది. ఈమెను ఎవరు గుర్తించిండ్రు?" అన్నారు. అయినా మేడం ఒక శనివారం పోసక్కను పిలిపించారు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది, దండ వేయించుకోలేదు. మాట్లాడమంటే చక్రాన్ని చూపించింది. "ఇది ఇంక సక్కగ లేదు. మూలకు మలుపుతుంటె నాటువెట్టిన వరి ఇరుగుతది. సదువుకుంటున్నోళ్లు గదా, జర సూడుండ్రి." పిల్లలు చక్రం చుట్టూ మూగారు. అన్నం గంట కొట్టినా లేవకుండా నేలమీద సుద్దముక్కలతో బొమ్మలు గీశారు. ఆ పూట చప్పట్లు కొట్టాలని ఎవరికీ గుర్తురాలేదు.

వారం తిరక్కుండానే మేడంకు నోటీసు వచ్చింది, అనుమతి లేని కార్యక్రమం జరిపారని. ఆవిడకు మద్దతుగా కొందరు టీచర్లు ఉత్తరం రాశారు. అది నా ముందుకొచ్చినప్పుడు పెన్ను తీశాను, మళ్లీ మూత పెట్టాను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మేడంను జిల్లా అవతలి కొసకు బదిలీ చేశారు.

బస్టాండులో ఆవిడ సంచి అందిస్తూ, "మాఫ్ చెయ్యండి మేడం," అన్నాను.

"సంతకం వెట్టలేదని కోపం లేదు రాధా. నువ్వు సోంచాయించి వద్దన్నవా, భయపడి వద్దన్నవా? గది జర చూస్కో."

మళ్లీ కలవలేదు. ఆవిడ పోయారని నిరుడు తెలిసింది.

ఇప్పుడు హెడ్మాస్టర్ కుర్చీలో నేనున్నాను. దినాల జాబితాలు ఫోనుకే వస్తాయి. బోర్డు మీద పేరు రాసి, ఫొటో తీసి పంపేస్తాం. అలాంటి రోజుల వల్ల ఒరిగేదేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. పోసక్క బడికొచ్చిన శనివారాన్ని మాత్రం వాటిలో కలపలేను. పోయిన వారం ఒక కొత్త టీచరు, జిమల్‌గట్ట నుంచి ఒక వడ్రంగిని పిలిపిస్తానని వచ్చింది. నడవలేని తన కూతురి కోసం అతను ఏదో బండి చేశాడట. "వానలు తగ్గనీ, చూద్దాం," అన్నాను. ఆమె సరేనని వెళ్లిపోయింది. వానల గురించి ఆలోచించే ఆ మాట అన్నానా? ఈ సాయంత్రం బడి వదిలాక, కుర్చీలో ఉండలేక వరండాలోకి పరుగెత్తి, గేటు దాటుతున్న ఆ టీచరును గట్టిగా వెనక్కి పిలిచాను.