రాహేలమ్మ చేతి కర్ర

కేరళలోని కుట్టనాడు పడవ పందేల్లో ఒక ఆచారముంది. డబ్బు పెట్టినవాడే కెప్టెన్. తెడ్డు ముట్టుకోనక్కర్లేదు, ఈత రాకపోయినా పర్వాలేదు, మెళ్ళో దండ వేసుకుని ముందు కూర్చుంటే చాలు. పుత్తన్‌తురుత్తు ఊరి ఆడవాళ్ళ పడవకు ఆ ఏడు కెప్టెన్ వర్కీచ్చన్. కువైట్‌లో సంపాదించుకొచ్చిన మనిషి. పడవ కదిలిందంటే గట్టిగా కళ్ళు మూసుకుంటాడు.

నడిపించే పని బాతులు మేపుకునే రాహేలమ్మది. పడవ నడుమ బల్లమీద నిలబడి, రోకలంత కర్రతో బల్లను మోదుతూ తాళం వెయ్యాలి. ఆ చప్పుడుకు తెడ్లన్నీ ఒక్కసారే నీళ్ళలో పడి ఒక్కసారే లేవాలి. రాహేలమ్మకు పందెమంటే ప్రాణం. చిక్కంతా అక్కడే వచ్చింది. పక్కన ఇంకో పడవ ముక్కు కనబడితే చాలు, ఆవిడకు పూనకమొచ్చేది. కర్ర జోరందుకునేది, తెడ్లు ఒకదాన్నొకటి కొట్టుకునేవి, పడవ ఎటు పోతోందో దానికే తెలిసేది కాదు. ఒకనాడు సాధనలో నేరుగా కల్లు దుకాణం రేవులోకి దూసుకుపోయింది. లోపలున్న మొగుళ్ళు తమకోసమే వచ్చారనుకుని వెనక గుమ్మంలోంచి పరుగు లంకించుకున్నారు.

సాధన చేయించే గురువు కరుణన్ ఆశాన్ తల పట్టుకున్నాడు.

"పడవ నడుపుతున్నావా, బాతుల్ని తోలుతున్నావా?"

"బాతులైతే ఈపాటికి గెలిచి ఇంటికెళ్ళేవి ఆశాన్. వీళ్ళకి చేతకాకపోతే నన్నంటారేం?"

ఆశాన్ ఆవిడ చేతిలో కర్ర లాక్కున్నాడు. "ఈ వారం నువ్వూ తెడ్డు వెయ్యి. ఆ తర్వాత కూడా తెడ్లు కొట్టుకున్నాయా, కర్ర ఇంకొకరికిస్తా. నువ్వు ఒడ్డున కూచుని గంజి కాద్దువుగాని."

గంజి మాటకు రాహేలమ్మ మొహం మాడిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ బల్లమీద నిలబడాలనే ఆవిడ కోరిక. బల్ల దిగి వెళ్ళి, అందరిలోకీ పెద్దదైన కుంజన్నమ్మ పక్కన కూర్చుంది. ఆశాన్ కర్ర ఎత్తి దడదడలాడించాడు. ఏటి మలుపు రాకముందే రాహేలమ్మ భుజాలు పడిపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి.

"కాస్త మెల్లిగా ఆశాన్, చచ్చిపోతున్నాం."

"నాదనుకున్నావా? ఇది నీ తాళమే."

కుంజన్నమ్మ రొప్పుతూనే నవ్వింది. "మేం రోజూ తినే కూడు ఇదేనే తల్లీ. ఇవాళ నువ్వూ రుచి చూడు."

రాహేలమ్మకు నిజంగా సిగ్గేసింది. ఆ వారమంతా బొబ్బల చేతుల్తోనే తెడ్డు వేసింది. తెల్లవారుజామున లేచి రోట్లో బియ్యం పోసి, కుంజన్నమ్మ ఎంతసేపటికి ఊపిరి తీసుకుంటుందో గుర్తు తెచ్చుకుంటూ, ఆ లెక్కనే దంచేది. పిండి కుప్పలు పడింది. ఆ పిండి ఆవిరిమీద ఉడికించి పొద్దున పుట్టు, మధ్యాహ్నం పుట్టు, రాత్రీ పుట్టే.

"మనం పందెం గెలిచేలోగా నా పొట్ట పగిలేట్టుందే," అన్నాడు భర్త ఔసేప్పు.

"పగిలితే కుడతాలే, తినండి."

వారం తిరిగాక ఆశాన్ కర్ర చేతికిచ్చాడు కానీ, గంజి కుండ మాత్రం ఒడ్డున సిద్ధంగా పెట్టించాడు.

పందెం రోజున సగం దూరంలో పక్క ఊరి పడవ వీళ్ళను దాటింది. ఒడ్డున జనం, "కొట్టవే, గట్టిగా కొట్టు," అని గోల. రాహేలమ్మ చెయ్యి దురద పెట్టింది. ముందు పోతున్న పడవను చూడలేదు, కుంజన్నమ్మ భుజాలనే చూసింది. పళ్ళు బిగించి అదే తాళం వేసింది. అవతలివాళ్ళు అలిసి తాళం తప్పారు. వీళ్ళ తెడ్లు ఒక్కటీ తడబడలేదు. గమ్యం ముందర కుంజన్నమ్మ తల తిప్పి, "ఇంకాస్త కొట్టవే," అన్నాకే రాహేలమ్మ జోరు పెంచింది. మూరెడు తేడాతో గెలిచారు.

అప్పుడు వర్కీచ్చన్ కళ్ళు తెరిచాడు. దండ సర్దుకుని లేచి, బహుమతి వేదిక వైపు చెయ్యి చాపాడు. "ఊఁ, అందరూ పోనివ్వండి."

ఒక్క తెడ్డూ కదల్లేదు.

"చెవుడా వీళ్ళకి?" అన్నాడు.

"వినబడిందయ్యా," అంది కుంజన్నమ్మ మర్యాదగానే. ఆవిడతో పాటు పడవలో ఆడవాళ్ళంతా తలలు తిప్పి రాహేలమ్మను చూస్తున్నారు.

రాహేలమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. బొబ్బలు చిట్లిన చేత్తో కర్ర ఎత్తి, మెల్లగా బల్లమీద ఒక్కటి వేసింది. పడవ కదిలింది. వర్కీచ్చన్ మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.