పేరు అరిగిపోయిన కుక్క

ఐలిఫ్ మా లోయలో ముప్ఫై ఏళ్ల పైచిలుకు పాల ట్యాంకరు నడిపాడు. ప్రతి పశువుల కొట్టం ముందూ ఆగి గొట్టం తగిలించేవాడు. పాలు ఎక్కేదాకా బూటు ముక్కుతో మంచుని కెలుకుతూ నిలబడి, తర్వాత టోపీ అంచుని వేలితో తాకి వెళ్లిపోయేవాడు. ఎవరింట్లో ఏ ఆవు వట్టిపోయిందో, ఏది ఈనబోతోందో అతనికి తెలుసు. ఆ ఇళ్ల మనుషులతో మాత్రం వాతావరణం గురించి తప్ప మాట్లాడి ఎరగడు. అది కూడా వాళ్లు మొదలుపెడితేనే. అతని వంతు, "ఊఁ, అవును," అనడమే.

మాటలన్నీ అతని భార్య గున్వోర్‌వి. "ఐలిఫ్‌కి కాఫీలో పాలు పోయకండి, కడుపులో మంట," అని అతని పక్కనే కూర్చుని ఆవిడే చెప్పేది. పాల ట్యాంకరు తోలేవాడికి పాలు పడవని అందరూ నవ్వేవాళ్లు, అతనూ నవ్వేవాడు. అతను ఉద్యోగం మానేశాక ఒక ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. ఆ తర్వాత వాళ్ల ఇంటి ముందు నుంచి వెళ్తే రేడియో ఒక్కటే వినిపించేది. సముద్రంలో పడవలకి చెప్పే గాలివార్తలు. సముద్రం మాకు రెండు కనుమల అవతల ఉంది. వంటింట్లో ఏదో ఒక గొంతు ఉంటే చాలనుకున్నాడేమో.

కుక్కపిల్లని తెచ్చింది ఓడ్నీ. ఆమె లోయకి ఎగువన ఉంటుంది, సెటర్ జాతి వేటకుక్కల్ని పెంచుతుంది. అరవై దాటినా కొండెక్కేటప్పుడు ఆమెని అందుకోవాలంటే కుర్రాళ్లకి కూడా ఆయాసం వస్తుంది. వయసులో ఉన్నప్పుడు ఐలిఫ్ ఆమె భర్తతో కలిసి వేటకి వెళ్లేవాడు.

"నీకు కుక్క కావాలి," అంది గుమ్మంలో నిలబడే.

"నేను అడగలేదే," అన్నాడు ఐలిఫ్.

"నోరు తెరిచి అడిగేవాడివైతే నీకు కుక్కతో పనేముంది? పట్టుకో." తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలున్న పిల్లని అతని చేతుల్లో పెట్టింది. "కానీ విను. సోఫా మీద దిండులా వాడుకోవడానికి నేను కుక్కల్ని పెంచను. దీని తాతలందరూ కొండ మీద పని చేశారు. వచ్చే ఏడు రీపె పిట్టల వేట మొదలయ్యేనాటికి వీడు ఒక్క ఈలకి వెనక్కి రావాలి. రాకపోతే తీసుకెళ్తా. అప్పుడు మొహం వేలాడేయకూడదు."

"ఊఁ," అన్నాడు.

దానికి రాప్ అని పేరు పెట్టాడు. ఆ రోజుతో రేడియో ఆగిపోయింది.

అతని గొంతు ఎలా ఉంటుందో నేను సరిగ్గా విన్నది అప్పుడే. వాళ్ల పెరటికీ మా పెరటికీ మధ్య ఒక కంచె మాత్రమే ఉంది. "రాప్, ఈ బంగాళాదుంపలు చూడు, ఎలకలు కొట్టేశాయి. రాప్, మనం పార ఎక్కడ పెట్టాం? రాప్, గున్వోర్ ఉంటే ఈ పొద కొట్టేయమనేది, మనం కొట్టలేదు కదా." ఏళ్ల తరబడి ట్యాంకరులో నింపుకుని ఎక్కడా దింపని సరుకంతా ఇప్పుడు దింపుతున్నట్టు ఉండేది. పొద్దున కాఫీ నుంచి రాత్రి దీపం ఆర్పేదాకా కుక్క పేరే. ఊళ్లో అందరం సంతోషించాం. మనిషి కోలుకున్నాడనుకున్నాం.

వసంతం వచ్చేసరికి రాప్ కాళ్లు పొడుగయ్యాయి, ముక్కు పదునెక్కింది. గాలిలో పిట్ట వాసన తగిలితే ముందుకాలు ఎత్తి రాయిలా బిగుసుకుపోయేవాడు. అంత చిన్న కుక్క అలా నిలబడటం చూసి ఓడ్నీ కూడా మెచ్చుకుంది. ఒక్కటే లోపం. పిలిస్తే రాడు. ఐలిఫ్ పొడుగు తాడు కట్టి గడ్డిభూమిలో నేర్పేవాడు. తాడు చేతిలో ఉన్నంతసేపూ బుద్ధిమంతుడే. ఒకసారి ముడి జారింది. రాప్ బాణంలా వెళ్లి హాల్వర్ గొర్రెల మందలో పడ్డాడు. ఐలిఫ్ గట్టు మీద నిలబడి, గొంతు పగిలేలా "రాప్! రాప్! రాప్!" అని అరుస్తూనే ఉన్నాడు. గొర్రెలు చెల్లాచెదురై బురదలో దిగబడ్డాయి.

హాల్వర్ చిన్నప్పుడు ఐలిఫ్‌తో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాడు. మోకాళ్లదాకా బురదతో కుక్కని పట్టుకొచ్చి అప్పగించాడు.

"ఒరేయ్ ఐలిఫ్, నీకు ఇంత గొంతుందని తెలిస్తే చర్చిలో పాటలు పాడించేవాళ్లం కదరా."

"తప్పయింది, హాల్వర్."

"నా గొర్రెలన్నిటికీ వాడి పేరు కంఠతా వచ్చేసింది. రేపట్నుంచి నువ్వు పిలువు, అవి వస్తాయి. వాడొక్కడే రాడు."

ఈ మాట ఎగువకి పాకింది. ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం ఓడ్నీ దిగి వచ్చింది. కాఫీ తాగుతూ చాలాసేపు వింటూ కూర్చుంది.

"రాప్, చూశావా, ఓడ్నీ వచ్చింది. రాప్, కాఫీ పొంగుతోంది. జున్ను కోసే కత్తి మనం ఎక్కడ పెట్టాం, రాప్?"

కుక్క పొయ్యి పక్కన పడుకుని ఉంది. చెవి కూడా కదపలేదు.

"ఇప్పుడు పిలువు," అంది ఓడ్నీ.

"రాప్!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఓడ్నీ జేబులోంచి ఎండుమాంసం పొట్లం తీసి, కాగితం మడత మెల్లిగా విప్పింది. ఆ చప్పుడుకి కుక్క లేచొచ్చి ఆమె మోకాలి దగ్గర కూర్చుంది.

"చెవుడు లేదన్నమాట," అంది. "నీకు అర్థమైందా? వీడి పేరు నువ్వు మెట్టురాయిలా అరగదీసేశావు. కత్తికీ రాప్, కాఫీకీ రాప్. వాడికది గోడ గడియారం చప్పుడు లాంటిది. గడియారం కొట్టుకుంటే ఎవరైనా లేచొస్తారా?"

ఐలిఫ్ కాఫీ కెటిల్‌ని పొయ్యి మీంచి దించాడు.

"ఇంకోటి. వాడు పారిపోతే నువ్వు నిలబడి అరుస్తావట. నువ్వు అరుస్తున్నంతసేపూ నువ్వెక్కడున్నావో వాడికి తెలుస్తూనే ఉంటుంది. ఎక్కడున్నాడో తెలిసినవాణ్ణి ఎందుకు వెతుక్కోవాలి? ఒక్కసారి ఈల ఊదు, వెనక్కి తిరిగి నడిచిపో. నువ్వు పోతావేమోనన్న భయం వాడికి ఉండాలి. ఇప్పుడు ఆ భయమంతా నీకే ఉంది."

"మరి ఏం చేయమంటావు?"

"నోరు మూసుకో. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో ఒక్క మాట వినపడకూడదు. పేరు పిలవడానికి మాత్రమే. పిలిచి రాగానే ఉడికించిన కార్జం ముక్క, అంతే. తర్వాత మళ్లీ మౌనం."

"ఒక్క మాట కూడానా?"

"ఇన్నేళ్లు మాట్లాడకుండా బతికినవాడివి," అంది లేస్తూ. "నీకేం కష్టం?"

ఆమె అది ఎకసెక్కంగా అనలేదు. నిజంగానే తేలికని అనుకుంది.

మర్నాటి నుంచి మా కంచె ఇవతలికి ఏమీ వినపడలేదు. పార మట్టిలో దిగిన చప్పుడు, బకెట్టు కింద పెట్టిన చప్పుడు. మొదట్లో అతను కుక్క వైపు తిరిగేవాడు, పెదవులు కదిలేవి, మళ్లీ మూసుకునేవి. కాఫీ కెటిల్‌తో మాట్లాడి చూశాడట. ఏ మాటైనా తనతోనే అనుకుని కుక్క తలెత్తి చూసిందట, అందుకని అదీ మానేశాడు. రేడియో పెట్టాడు. ఎక్కడో నీళ్ల మీద గాలి ఎంత జోరుగా ఉందో ఆ గొంతు చెప్పుకుపోతోంది. అది తనతో మాట్లాడటం లేదని ఈసారి తెలిసింది కాబోలు, కట్టేశాడు.

ఒకరోజు సహకార దుకాణానికి వచ్చాడు. అక్కడ కిటికీ పక్కన కాఫీ బల్ల దగ్గర హాల్వర్, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు పొద్దున్నే చేరతారు. నేను రొట్టె కొనడానికి వెళ్లాను.

"ఏంట్రా, ట్యాంకరు దారి తప్పిందా?" అన్నాడు హాల్వర్, కుర్చీ జరుపుతూ.

ఐలిఫ్ కూర్చున్నాడు. వాళ్లు గడ్డి కోతల గురించి, కొత్త వంతెన గురించి మాట్లాడుకున్నారు. కప్పు సగం అయ్యాక, ఎవరూ అడక్కుండానే అతను అన్నాడు: "గున్వోర్ చేతి తొడుగులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తియ్యబుద్ధి కాలేదు."

ఒకాయన చెంచా తిప్పాడు, తిప్పడానికి కప్పులో ఏమీ లేకపోయినా. హాల్వర్ కిటికీలోంచి కొండ వైపు చూశాడు.

"ఈ ఏడు మంచు తొందరగా పడేలా ఉంది," అన్నాడు చివరికి.

"ఊఁ, అవును," అన్నాడు ఐలిఫ్.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. అలాంటి మాటకి ఏం బదులివ్వాలో మా ఊళ్లో ఎవరికీ నేర్పలేదు. ఐలిఫ్ కాఫీ పూర్తి చేసి, టోపీ అంచు తాకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు.

కుక్క మాత్రం మారింది. ఇంట్లో మాట లేకపోయేసరికి అది మనిషిని కనిపెట్టడం మొదలుపెట్టింది. అతను లేస్తే లేచేది, అతని చెయ్యి ఎటు కదిలితే అటు దాని కళ్లు తిరిగేవి. రోజుకోసారి గడ్డిభూమిలో ఈల, దాని వెంట "రాప్" అన్న ఒక్క పిలుపు. తాడు అక్కర్లేకుండానే దౌడు తీస్తూ వచ్చేది. కానీ గడ్డిభూమి వేరు, కొండ వేరు.

చట్టం ప్రకారం ఆగస్టు చివరి దాకా కొండ మీద కుక్కల్ని తాడు విప్పి వదలకూడదు. సెప్టెంబరు మొదట్లో, వేటకి ఇంకా కొద్ది రోజులుందనగా, ఓడ్నీ వాళ్లిద్దరినీ పైకి తీసుకెళ్లింది. తుపాకులు లేవు. మరుగుజ్జు బిర్చ్ చెట్లు అప్పటికే పసుపెక్కాయి. తాడు విప్పగానే రాప్ అటూ ఇటూ గాలిని కోస్తూ పరిగెత్తాడు. కాసేపటికి ఒక పొద ముందు బిగుసుకున్నాడు. ఐలిఫ్ మెల్లిగా దగ్గరికి వెళ్లాడు. కౌజులాంటి రీపె పిట్ట ఒకటి కరకరమని అరుస్తూ లేచింది. రాప్ దాని వెంటపడ్డాడు.

ఐలిఫ్ ఈల ఊదాడు, ఒక్కసారి. కుక్క గట్టు దాటి అవతలికి పోయింది.

"తిరుగు," అంది ఓడ్నీ. "నడు."

అతను వెనక్కి తిరిగి నడిచాడు. అలా నడవడం తనకెంత కష్టమైందో తర్వాత ఓడ్నీకే చెప్పాడట, రెండు ముక్కల్లో: "కాళ్లు రాలేదు." దిగువన ఒక బండ వెనక ఇద్దరూ కూర్చున్నారు. కనుమ వైపు నుంచి పొగమంచు దిగింది. గట్టు కనపడకుండా పోయింది. చాలాసేపటికి పైనుంచి గోళ్లు రాతిని గీరిన చప్పుడు వచ్చింది. రాప్ తిరిగొచ్చాడు, యజమానిని వదిలిన చోటికే. అక్కడ ఎవరూ లేరు. చుట్టూ తిరిగాడు, ఆగాడు, మళ్లీ తిరిగాడు. తర్వాత సన్నగా, సాగదీసి ఏడ్చాడు.

ఐలిఫ్ చెయ్యి ఈల మీదికి పోయింది. ఓడ్నీ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆగు. వెతకనీ."

"భయపడుతున్నాడు."

"పడనీ. ఒక్కసారి పడితే చాలు, జన్మంతా గుర్తుంటుంది."

"ఖాళీ చోటుకి వచ్చాడు, ఓడ్నీ," అన్నాడు. చెయ్యి విడిపించుకుని ఈల ఊదాడు.

పొగమంచులోంచి కుక్క సూటిగా వచ్చి అతని మోకాళ్లకి గుద్దుకుంది. ఒళ్లంతా వణుకుతోంది. ఐలిఫ్ దాని మెడ మీద చెయ్యి వేశాడు, పేరు పలకలేదు. తర్వాత జేబులోంచి తాడు తీసి పట్టీకి తగిలించి, రెండో కొస ఓడ్నీకి అందించాడు.

"రెండో ఈల," అన్నాడు. "నువ్వన్నది ఒక్కటి."

ఓడ్నీ తాడు తీసుకుంది. "నీతో చచ్చే చావుగా ఉందయ్యా. మొదటి ఈల పాఠం చెప్పడానికి. రెండోది జాలితో ఊదావు, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. పరీక్ష ఇంకా కాలేదు. ఇక్కడే నిలబడు."

కుక్కని నడిపించుకుంటూ ఊబినేల అంచుకి వెళ్లింది. పొగమంచు కాస్త విడింది. అక్కడ తాడు విప్పింది. రాప్ ముక్కు నేలకి ఆనించి కొంత దూరం పోయాడు, బిగుసుకున్నాడు. ఓడ్నీ అడుగు వేయగానే నాలుగైదు పిట్టలు ఒకేసారి లేచాయి. రాప్ వాటి వెనక దూకాడు.

ఐలిఫ్ ఒక్కసారి ఊదాడు. ఊది, ఎవరూ చెప్పకుండానే వెనక్కి తిరిగి కిందికి నడవడం మొదలుపెట్టాడు. అందుకని తన కుక్క గాలిలోనే తిరిగినట్టు తిరగడం అతను చూడలేదు. అది ఓడ్నీ చూసింది. పిట్టలు అటు, కుక్క ఇటు. వెనక పరుగు చప్పుడు వినపడినా అతను ఆగలేదు. తడి ముక్కు అరచేతికి తగిలాకే ఆగాడు.

ఓడ్నీ కిందికి వచ్చి తాడు చుట్ట చుట్టి అతని భుజం మీద వేసింది. "ఉంచుకో."

"వేట కాలం అయిపోయాక," అన్నాడు ఐలిఫ్, "చలికాలంలో, ఇంట్లో మాట్లాడొచ్చా వీడితో?"

"మాట్లాడు. క్రిస్మస్‌కల్లా మళ్లీ పేరు అరుగుతుంది. వచ్చే ఏడు మళ్లీ నేను తాడు పట్టుకుని వస్తా."

అతను తలూపాడు.

ఆ సంవత్సరం మంచు నిజంగానే తొందరగా పడింది. రాప్ ఇప్పుడు లోయలో అందరూ చెప్పుకునే కుక్క. ఐలిఫ్ సాయంత్రాలు కట్టెల కొట్లోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. కుక్క బయట మంచులో కూర్చుంటుంది. లోపల్నుంచి అతని గొంతు వినిపిస్తుంది, గొణుగుతున్నట్టుగా, ఆగి ఆగి. మాటలు మాదాకా రావు. ఒకరోజు హాల్వర్ రంపం తిరిగివ్వడానికి వచ్చాడు. తలుపు కొట్టబోయి ఆగాడు, కుక్క పక్కన కాసేపు నిలబడ్డాడు, రంపం గోడకి ఆనించి వెళ్లిపోయాడు. దుకాణంలో ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, వేళాకోళానికి కూడా.

కొట్లోంచి ఐలిఫ్ చంకలో నాలుగు కట్టెలు పెట్టుకుని బయటికొస్తాడు, పొయ్యి దగ్గర అప్పటికే బోలెడు పేర్చి ఉన్నా. రాప్ లేచి ఒళ్లు దులుపుకుంటాడు. ఇద్దరూ లోపలికి వెళ్తారు. వంటింట్లో దీపం వెలుగుతుంది, కిటికీలో మనిషి తల, దాని కింద కుక్క చెవులు కనిపిస్తాయి. ఏ చప్పుడూ ఉండదు.