కెమెరా కోసం వెతికిన చూపు

మా ఇంట్లో మొదటి పట్టభద్రురాలిని నేను. గత వేసవిలో, తరచూ సినిమా షూటింగులు జరిగే ఫిల్మ్‌నగర్‌లో పైపుల కోసం కందకం తవ్వుతున్న నాన్నకు అన్నం తీసుకెళ్ళాను. ఆసరా చెక్కలు పెట్టని మట్టిగోడ నా కళ్ళెదుటే కూలి, ఆయనను ఛాతీ వరకు పూడ్చేసింది. తోటి కూలీలు చేతులతో మట్టి తోడుతుండగా, సాయం కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను.

“దయచేసి రండి. మా నాన్నగారు మట్టిలో కూరుకుపోయారు” అన్నాను.

బైకు ఆపిన వ్యక్తి అనుమానంగా చుట్టూ చూశాడు. “డైలాగ్ మంచిగ చెప్తున్నవ్. కెమెరా ఏడ పెట్టిండ్రు?”

చదువు నేర్పిన మాట వదిలి, ఇంటి మాటలో ఏడ్చాను. “అన్నా, మా నాయినకు ఊపిరాడతలేదు. జర రా అన్నా.”

అతను బైకు అక్కడే పడేసి, దారినపోయేవారిని పిలుస్తూ పరుగెత్తాడు.

నాన్న బతికారు. ఇప్పుడు ఆ వీధిలో వెళ్తున్నప్పుడు ఎవరు కేక వేసినా ముందు వెళ్ళి చూస్తాను. షూటింగే అయితే, నవ్వులపాలై తిరిగి వస్తాను.