బంగారు పిట్ట కేసు

మా మామూ పోయారన్న కబురు వచ్చేసరికి నేను షామియానా గుడ్డలు ఉతికించి ఆరేయిస్తున్నాను. మామూ అంటే మా అమ్మ తమ్ముడు. పిఠాపురం కోర్టులో వకీలుగా చేసి, కోర్టు మానేశాక కూడా నల్లకోటుని వసారా మేకుకి తగిలించుకుని బతికిన మనిషి. ఆయన పెద్దకొడుకు ఫోన్ చేసి, "బావా, నాన్న పొద్దున నమాజు చేసుకుని నడుం వాల్చారు, ఇంక లేవలేదు" అన్నాడు.

నాకు టెంట్‌హౌస్ ఉంది. పెళ్లయినా చావయినా మా ఊళ్లో ముందు నాకే తెలుస్తుంది. కుర్చీలు కావాలి కదా. ఆ రోజు మాత్రం ఎవరూ అడక్కుండా నేనే అన్నీ బండిలో వేసుకుని వెళ్లాను. ఏ గుడ్డ కట్టాలో మామూ ఎప్పుడో చెప్పి ఉంచారు. "నాకు జాలర్లున్న గుడ్డ కట్టకురోయ్. ఎవడో కంగారులో పెళ్లనుకుని చదివింపులు తెస్తాడు." అందుకని ఉన్నవాటిలో సాదా తెల్లగుడ్డ కట్టాను. కట్టాక, బావుందా అని అడగడానికి అలవాటుగా వసారా వైపు తిరిగాను.

మామూకి కోపం వస్తే ఇంగ్లీషు, ప్రేమ వస్తే తెలుగు, బిర్యానీ కనబడితే ఉర్దూ వచ్చేవి. మా గోదావరి జిల్లాల సాయిబుల ఇళ్లు చాలావరకు ఇంతే. అల్లాని కూడా "కాస్త చూడండి" అని మర్యాదగా అడుగుతాం. ఆయన ఐదు పూటలా నమాజు తప్పలేదు, ఒక్క పూటా ఇంకొకడిని తప్పావేమని అడగలేదు. ఎవరేం చెప్పినా ముందు ఒకటే ప్రశ్న వేసేవారు. "ఇది నీకు తెలిసిన సంగతా, విన్న సంగతా?" ఆ ప్రశ్న భయానికి మా వీధిలో సగం కబుర్లు ఆయన గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయేవి.

ఆ వసారాలో రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి పేము కుర్చీ, వాళ్ల మామగారిచ్చింది. రెండోది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ, వీపు మీద మా టెంట్‌హౌస్ పేరుంటుంది. మామూ వాళ్లమ్మాయి పెళ్లికని వెళ్లి, తిరిగి రాలేదు. అడిగితే, "ఇన్నేళ్లు నా స్వాధీనంలో ఉంది. చట్టప్రకారం నాదేరా, కావాలంటే దావా వేసుకో" అనేవారు. దావా వేయాలంటే నాకు తెలిసిన వకీలు ఆయనొక్కరే.

తగువుతో వచ్చిన ఇద్దరినీ చెరో కుర్చీలో కూర్చోబెట్టి, టీ తాగించి, "ఇప్పుడు కుర్చీలు మారండి" అనేవారు మామూ. మారాక, ఎవరి కుర్చీలో కూర్చుంటే వాళ్ల తరఫున వాదించాలి. వెక్కిరింపుగా వాదిస్తే మళ్లీ మొదట్నుంచి. పొలం గట్టు కోసం తలలు పగలగొట్టుకునేదాకా వెళ్లిన అన్నదమ్ములు ఓసారి వచ్చారు. అన్నగారు తమ్ముడి తరఫున ఎంత బాగా వాదించాడంటే, తన మీద తనే గెలిచి, ఏం చెయ్యాలో తెలీక మామూ చొక్కా పట్టుకుని ఏడ్చాడు. "ఎదుటివాడి మాట నీ నోటితో చెప్పలేకపోతే, నీ మాట నీకూ సరిగ్గా తెలీదనేరా" అన్నారు మామూ, చొక్కా విడిపించుకుంటూ.

ఆ కుర్చీల్లో మా ఇంటి కేసు కూడా నడిచింది.

మా అమ్మాయి కాకినాడలో ఒక ఆస్పత్రిలో పిల్లల వార్డు నర్సు. తుని కుర్రాడికిచ్చి చేశాం. తునిలో మా వియ్యంకుడుగారికి చెప్పుల షాపు, దాన్ని మించిన పట్టుదల ఉన్నాయి. బాబు పుట్టి నెల తిరగకముందే ఆయన మా ఇంటికొచ్చి, "బావగారూ, డాక్టరుతో మాట్లాడేశానండి. వచ్చే వారం ఒడుగులు చేయించేద్దాం" అన్నారు. ఒడుగులంటే సున్తీ. మా చిన్నప్పుడు ఐదారేళ్లు వచ్చాక, పెళ్లికొడుకులా ముస్తాబు చేసి, గుర్రమెక్కించి, బ్యాండుతో ఊరేగించి చేసేవాళ్లు. నాకు గుర్రం దిగేదాకా బాగా గుర్తుంది. తర్వాతది గుర్తు చేసుకోను. ఇప్పుడు చాలామంది చంటిపిల్లలప్పుడే ఆస్పత్రిలో కానిచ్చేస్తున్నారు. టెంట్‌హౌసులకి అది మంచి కబురు కాదు.

"వద్దు మావయ్యా" అంది మా అమ్మాయి, పిల్లాడిని భుజాన వేసుకుని. "ఒళ్లు వాడిది. పెద్దయ్యాక వాడే చెప్తాడు, కావాలో వద్దో."

"పేరు పెట్టేటప్పుడు వాణ్ణడిగావేంటమ్మాయ్?"

"పేరు నచ్చకపోతే మార్చుకుంటాడండి. ఇదెలా మార్చుకుంటాడు?"

మా అల్లుడు మంచివాడు. తండ్రి మాట్లాడితే తండ్రికీ, పెళ్లాం మాట్లాడితే పెళ్లానికీ తలూపాడు. నేను టీ తెస్తానని లోపలికెళ్లాను. తిరిగొచ్చేసరికి వియ్యంకుడుగారు చెప్పులు వేసుకుంటున్నారు. "ఒడుగులు కాని పిల్లాడు మా గుమ్మం ఎక్కక్కర్లేదండి" అన్నారు. తండ్రి వెనకాలే మా అల్లుడూ వెళ్లాడు, ఈసారి తలూపకుండా. పిల్లకి కాపురం పోతుందేమోనని భయం వేసింది నాకు. అందరినీ మామూ దగ్గరికి తీసుకెళ్లాను.

మామూ ముందు చట్టం చెప్పారు. "మన దేశంలో దీనికని చట్టం లేదు. చెయ్యమనీ లేదు, వద్దనీ లేదు. మతం పాటించుకునే హక్కు రాజ్యాంగంలో ఉంది. పిల్లల హక్కుల ఒప్పందం మీద మన దేశం సంతకం పెట్టింది. పిల్లల ఆరోగ్యానికి చెడు చేసే ఆచారాలు పోవాలని అందులో ఉంది, తల్లిదండ్రుల బాధ్యతని గౌరవించాలనీ అందులోనే ఉంది. రెండు పక్షాలూ అదే కాయితం పట్టుకొస్తాయన్నమాట. జర్మనీలో ఒక కోర్టు ఇది పిల్లాడి ఒంటి మీద దెబ్బే అంది. వెంటనే వాళ్ల పార్లమెంటు, పద్ధతిగా చేస్తే తప్పులేదని చట్టం చేసింది. అంత పెద్ద దేశానికే తేలలేదు, తుని చెప్పుల షాపులో తేలుతుందేంటండి?"

"చెయ్యకపోతే వాడు ముసల్మానే కాడండి" అన్నారు వియ్యంకుడుగారు.

"తెలిసిన సంగతా, విన్న సంగతా? మతపెద్దల్లో కొందరు తప్పనిసరన్నారు, కొందరు మంచి ఆనవాయితీ అన్నారు. చంటివాడప్పుడే చేసి తీరాలని అందరూ అన్లేదు."

మా అమ్మాయి మొహం వెలిగింది. మామూ అటు తిరిగారు. "నువ్వేం నవ్వకమ్మా. ఇది ప్రతి పిల్లాడికీ జన్మంతా దెబ్బేనన్నావంట. తెలిసిన సంగతా, విన్న సంగతా?"

"వార్డులో చూశాను తాతా. రక్తం ఆగక తెచ్చారు ఒకణ్ణి."

"బాగైనవాళ్లు వార్డుకి రారు కదమ్మా. సరే. కుర్చీలు మారండి."

మా అమ్మాయి పేము కుర్చీలోంచి లేచి ఎర్రకుర్చీలో కూర్చుంది, మామగారి తరఫున. మెల్లగా అంది. "నా మనవడు మసీదు కుళాయి దగ్గర మిగతా పిల్లల మధ్య నిలబడాలి. వాడు వేరే అని ఎవరూ అనకూడదు. మా తాత చేయించుకున్నాడు, మా నాన్న చేయించుకున్నాడు. మా దగ్గర పెద్ద ఆస్తుల్లేవు. వాడికి మేమివ్వగలిగింది, మావాడివేనని చెప్పడమే. అది కూడా ఇవ్వొద్దంటే నేనెందుకు తాతని?" అని, కొంగుతో కళ్లు తుడుచుకుంది. వియ్యంకుడుగారు కోడలిని అలా చూడటం నేనెరిగి అదే మొదలు.

ఇప్పుడాయన వంతు. పేము కుర్చీలో కూర్చుని, "అయ్యా, నేను నర్సునండి, నాకన్నీ తెలుసండి" అని సన్నగొంతుతో మొదలెట్టారు.

"వెక్కిరింపు. మళ్లీ మొదట్నుంచి" అన్నారు మామూ.

రెండోసారి ఆయన నేలకేసి చూస్తూ మొదలెట్టారు. అది ఆయన గొంతులా లేదు. "నాకప్పుడు ఏడేళ్లండి. గుర్రం ఎక్కించారు, జిలేబీ పెట్టారు. మా నాన్న నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. 'అదిగోరా, పైన బంగారు పిట్ట!' అన్నాడు ఒడుగులు చేసే ఉస్తాదు. నేను తలెత్తి చూశాను." ఆగారు. "పిట్ట లేదండి. చాలా రోజులు మా నాన్న చేత్తో అన్నం కలిపి పెడితే తినలేదు. ఆయన పోయేదాకా చెప్పలేదు, ఎందుకు తినలేదో. నొప్పి ఎప్పుడో పోయిందండి. పిట్టే పోలేదు."

మా అమ్మాయి లేచి వెళ్లి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. మామూ కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"నేను నా ముగ్గురు కొడుకులకీ చేయించానండి. మంచి పనే చేశాననుకుంటున్నాను, ఇప్పటికీ. మీరు నా ఉద్దేశం అడగలేదు, నేను తీర్పుగా చెప్పను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఎప్పుడు చేసినా, చెయ్యకపోయినా, ఆ పిల్లాడికి పిట్టని చూపించొద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"చంటివాడికి ఉన్నది ఉన్నట్టు ఎలా చెప్తామండి?" అన్నారు వియ్యంకుడుగారు. అని, తను అన్నమాట తనే విని, ఆగిపోయారు.

"అదేనండి చిక్కు" అన్నారు మామూ.

వాడికి అర్థమయ్యే వయసు వచ్చేదాకా ఆగుదామన్న మాట చివరికి వియ్యంకుడుగారి నోటినుంచే వచ్చింది. అప్పటికి వాడు సరేనంటే గుర్రం నేను తెస్తానన్నాను. "నీ బేరం నువ్వు చూసుకున్నావురా" అన్నారు మామూ.

తర్వాత వాళ్లిద్దరికీ ఎంత స్నేహం కుదిరిందంటే, వియ్యంకుడుగారు శుక్రవారాలు షాపు కొడుకుకి వదిలేసి, ప్యాసింజరెక్కి ఇక్కడికి జుమా నమాజుకి వచ్చేవారు. వచ్చేటప్పుడు తుని తమలపాకులు తెచ్చేవారు. ఇద్దరూ సరదాకి దేని గురించో ఒకదాని గురించి కుర్చీలు మారుతూ వాదించుకునేవారు. మామూ చివరి రోజుల్లో సరిగ్గా లేవలేకపోతే, వియ్యంకుడుగారే చెయ్యిచ్చి ఈ కుర్చీలోంచి ఆ కుర్చీలోకి మార్చేవారట. ఓడిపోయినా పరవాలేదు, రూలు మాత్రం తప్పకూడదు.

మూడో రోజు జియారత్‌కి, అంటే పోయినవాళ్ల కోసం దువా చెయ్యడానికి, అందరం మళ్లీ ఆ తెల్లగుడ్డ కింద చేరాం. వియ్యంకుడుగారు ఎర్రకుర్చీలో కూర్చున్నారు, ఒళ్లో మనవడు. వాడికిప్పుడు మూడేళ్లు. ఎదురుగా పేము కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ వద్దన్లేదు, అయినా కూర్చోలేదు.

మసీదు కమిటీలో ఒక పెద్దాయన పక్కకొచ్చి నిలబడ్డారు. "ఏం సాయిబుగారూ, మనవడికి ఇంకా ఒడుగులు కాలేదంటగా? పాపం వకీలుగారు కూడా పోయారు. ఇంక అడ్డమెవరండి?"

మా అమ్మాయి టీ పళ్లెంతో గుమ్మంలో ఆగిపోయింది. నేను తాడు ముడి బిగిస్తున్నవాణ్ణి అలాగే పట్టుకున్నాను. ఆ రోజు వసారాలో ఇచ్చిన మాటకి, మేం కాక, సాక్ష్యం మామూ ఒక్కరే. కాయితం లేదు, సంతకం లేదు.

"అడ్డం ఆయన కాదండి" అన్నారు వియ్యంకుడుగారు. "మాటిచ్చింది నేను. తెలివొచ్చాక వాడికి ఉన్నదున్నట్టు చెప్పి, వాణ్ణే అడుగుతాం."

"వాడొద్దంటేనో?"

"నేను గట్టిగా వాదిస్తానండి. ముందు వాడి కుర్చీలో కూర్చుని వాదించాలి కదా, అదే కష్టం."

పెద్దాయనకి అర్థం కాలేదు. తల ఊపి టీ తీసుకున్నారు.

అప్పుడే మనవడు ఒళ్లో నిలబడి, వేలు పైకి చూపించి అరిచాడు. "తాతా! అదిగో, పిట్ట!"

వియ్యంకుడుగారు తలెత్తలేదు. మనవడి మొహంకేసి చూశారు. వాడు మళ్లీ చూపించాడు. అప్పుడు, మెడ నొప్పి ఉన్న మనిషిలా, మెల్లగా పైకి చూశారు. గుడ్డ కిందకి ఎలా దూరిందో, అడ్డవెదురు మీద ఒక పిచ్చుక కూర్చుని, మా అందరినీ తల పక్కకి వంచి చూస్తోంది.

"అవున్రా నాన్నా" అన్నారాయన. "ఉంది."

వాడు దిగుతానని గింజుకున్నాడు. నడుం చుట్టూ ఉన్న రెండు చేతులూ విడిపోయాయి. వాడు పేము కుర్చీ పక్కనుంచి పిట్ట కిందకి పరుగెత్తాడు.