ట్రాక్టరెక్కిన పాదయాత్ర

చదివింది ఐదో తరగతండి. సంతకం తప్ప ఏదీ రాసి ఎరగను. కానీ దేశం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచొచ్చి, ఆ నడకనంతా రెండు కిలోమీటర్లలో గంగలో కలపబోయిన ఘనత నాది. ఆ ఘోరం నేనే చెప్పాలి.

తెనాలిలో నాది పంక్చర్ షాపు. షుగరొచ్చింది, నడవమని డాక్టరుగారు చెప్పినా పక్క వీధిలో టీకి కూడా మోపెడ్ మీదే వెళ్లేవాణ్ణి.

"మీకు కాళ్లెందుకండీ, చెప్పులు తగిలించుకోడానికా?" అంది మా ఆవిడ రూతమ్మ.

రోషమొచ్చింది. "గోవా సముద్రం నుంచి నిజాంపట్నం సముద్రం దాకా నడుస్తా. చక్రమున్న దేన్నీ ఎక్కను. ఎక్కితే నా పేరు కుక్కకి పెట్టు!"

ఏదో నోటికొచ్చింది అన్నాను. ఆవిడ నమ్మేసింది! వాళ్ల తమ్ముడు ప్రసాదు ట్రాలీ ఆటోలో స్టవ్వూ బియ్యమూ ఎక్కించి, గోవాలో నడక మొదలెట్టించి నా వెనకే వచ్చింది. రోజూ సాయంత్రం నేనాగిన చోట సుద్దముక్కతో రోడ్డు మీద గీత గీసేది. పొద్దున్నే ఆ గీత మీద నా కాలు పెట్టించి "ఇక కదలండి" అనేది. నా బొబ్బలకు నూనె రాసిందీ ఆవిడే. ఒక్క గీత తప్పలేదు.

ఇంకొక్క రోజు నడకుందనగా రేపల్లె వచ్చింది. అత్తగారి ఊరు. వంట కోసం రూతమ్మ ముందే ఊరి అవతలకు వెళ్లింది. ఇవతల రైస్ మిల్లు దగ్గర మా మామగారు, డప్పులు, పూలు కట్టిన ట్రాక్టరు!

"ఎక్కండల్లుడుగారూ!"

"వద్దండి మావయ్యగారూ, ఒట్టు పెట్టుకున్నానండి."

"అల్లుణ్ణి ఊళ్లో నడిపించామంటే మాకు పరువుంటుందాండి?"

లారీ టైరంత దండ మెడలో పడింది. ఆ బరువుకో, డప్పుల ఊపుకో, ఎక్కేశాను. ఎక్కినవాణ్ణి ఊరుకున్నానా? ఎలక్షన్లో గెలిచినవాడిలా రెండు చేతులూ ఊపుతూ ఊరు దాటాను.

ఊరి చివర రూతమ్మ నన్ను చూసింది. చేతిలో గరిటె జారిపోయింది.

"ఎక్కడెక్కారు?"

"మిల్లు దగ్గర."

"రెండు కిలోమీటర్లేనమ్మా," అన్నారు మామగారు.

"ఇన్నాళ్లూ నేను గీసిన గీతలన్నీ..." అని కొంగు కళ్లకద్దుకుంది.

దూకేశాను. దండతో సహా, మిట్టమధ్యాహ్నం, వెనక్కి మిల్లు దాకా నడిచాను. అందరూ నా వెనకే. సుద్దముక్క అడిగి గీత నేనే గీశాను.

ప్రసాదు తల గోక్కున్నాడు. "బావా, అట్నుంచి ఇటు నడిచేశావుగా! ఆ ముక్క అయిపోయినట్టే. ఆటో ఎక్కెయ్!"

అందరం రూతమ్మ వైపు చూశాం.

"సముద్రం ఎటుందిరా?"

"అటక్కా."

"మీ బావ ఎటు నడిచారు?"

"ఇటు."

"మరి కదలమను!" అని కొంగు దోపి తనూ నా పక్కన నడిచింది. మామగారూ నడిచారు. ట్రాక్టరు ఖాళీగా వెనక వచ్చింది.

మర్నాడు నిజాంపట్నంలో నీళ్లలో కాలు పెట్టాను. రూతమ్మ ఇసుకలో ఆఖరి గీత గీసింది. అలొచ్చి చెరిపేసింది.

"పోన్లెండి, రేపటికి అక్కర్లేదుగా," అని నవ్వింది.

వెనక హారన్ మోగింది. మామగారి ట్రాక్టరు! "ఇప్పుడైనా ఎక్కండల్లుడుగారూ!"

నేను మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ నా మెడలో నిన్నటి దండ తీసి తన మెళ్లో వేసుకుని, ముందు తనే ఎక్కి కూర్చుంది.

అందుకే మీ అందరి సాక్షిగా చెబుతున్నాను. మెడలో దండ ఉండగా, అత్తగారి ఊళ్లో, చక్రమున్న దేన్నీ ఈ జన్మలో ఎక్కను. పంక్చరైతే మాత్రం పిలవండి, నడిచొచ్చి వేస్తాను.